పన్నెండో బెల్లు

ఇరవై రెండేళ్ళుగా డ్రిల్లు మాస్టారు చేస్తున్న ఉద్యోగం ఏమిటంటే, నీడలో నిలబడి ఎండలో ఉన్నవాళ్ళని పరిగెత్తమనడం. ఆ పని ఆయన బాగానే చేసేవాడు. మెడలో విజిలు, నెత్తిన టోపీ, పొట్ట మీద చేతులు. పిల్లలు రెండు రౌండ్లు కొట్టి రొప్పుతూ వస్తే, "ఇదీ ఒక పరుగేనా? నత్తలు నయం!" అనేవాడు. తాను ఆఖరిసారి ఎప్పుడు పరిగెత్తాడో ఆయనకే గుర్తు లేదు. కానీ పరుగు గురించి లోకంలో ఇంకెవరికీ ఏమీ తెలియదన్న సంగతి మాత్రం ఆయనకి గట్టిగా తెలుసు.

అలాంటి మనిషి, యాభైకి దగ్గర పడుతున్న వయసులో, ఒక ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకి నిక్కరు వేసుకుని, ఊరి చివర వాటర్ వర్క్స్ గేటు ముందు సున్నంతో గీసిన గడిలో నిలబడ్డాడంటే, దానికి కారణం లెక్కల మాస్టారి నవ్వు.

రెండు నెలల క్రితం స్టాఫ్ మీటింగులో బడి యజమాని కరస్పాండెంటు గారు టైమ్‌టేబుల్ కాగితం పైకెత్తి, ఆటల పీరియడ్లన్నీ దండగ అన్నాడు. అవి లెక్కలకి ఇచ్చేస్తే మార్కులైనా పెరుగుతాయి. ఇకపై డ్రిల్లు మాస్టారు సాయంత్రాలు బస్సుల దగ్గర నిలబడి ఎక్కే పిల్లల్ని లెక్కపెట్టుకుంటే చాలన్నాడు.

"ఆటలు లేకపోతే పిల్లల ఒళ్ళు ఏం కావాలండీ?" అంటూ లేచాడు డ్రిల్లు మాస్టారు.

"మీరు రెండంతస్తులెక్కితే పది నిమిషాలు రొప్పుతారు. ముందు మీ ఒళ్ళు ఏమైందో చెప్పండి" అన్నాడు కరస్పాండెంటు.

స్టాఫంతా కిసుక్కుమంది. లెక్కల మాస్టారైతే కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి డబ్బాలోది ఒకరు లాక్కుని తింటున్న మనిషి! డ్రిల్లు మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. అదే బల్ల దగ్గర మూడో మనిషి సైన్సు టీచరమ్మ. ఆవిడ ఎక్కడో సంపాదించి తెచ్చిన పన్నెండు గంటల పరుగు కరపత్రం కళ్ళబడింది. దాన్ని తీసి కరస్పాండెంటు ముందు కొట్టాడు.

"ఇది పూర్తి చేస్తాను. చేస్తే నా పీరియడ్ల జోలికి రాకూడదు. నవ్వినవాళ్ళు కూడా నాతో రావాలి. చూద్దాం ఎవరి ఒళ్ళు ఏమైందో!"

కరస్పాండెంటుకి భలే సరదా వేసింది. "సరే. పన్నెండు రౌండ్లూ అయితే పీరియడ్లు మీవి. పదకొండైనా సరే, లెక్కలవి" అన్నాడు. లెక్కల మాస్టారు కాదనలేక వస్తానన్నాడు. టీచరమ్మ మటుకు సంతోషంగా వస్తానంది. ఆవిడకి అన్నిటికీ సంతోషమే.

పరుగు పద్ధతి తేలికే. వాటర్ వర్క్స్ ప్రహరీ చుట్టూ ఐదు కిలోమీటర్ల దారి. ప్రతి గంటకీ బెల్లు కొడతారు. బెల్లు మోగేసరికి రెండు కాళ్ళూ సున్నం గడిలో ఉండాలి. ఒక చుట్టు తిరిగి రావాలి. ముందొస్తే మిగిలిన నిమిషాలు నీవి. కూర్చో, తిను, పడుకో, నీ ఇష్టం. మళ్ళీ బెల్లు టైముకి గడిలో లేకపోతే ఇంటికే. సాయంత్రం ఐదింటికి కొట్టేది పన్నెండో బెల్లు.

మొదటి బెల్లుకి ముందే డ్రిల్లు మాస్టారు చుట్టూ ఉన్న డెబ్భై మందినీ చూసి పెదవి విరిచాడు. మోకాళ్ళ దాకా మేజోళ్ళేమిటి, నడుముకి సీసాల దండేమిటి, ఒక్కొక్కడి చేతికీ గోడ గడియారమంత వాచీ ఏమిటి! ఒకడు నేల మీద పడుకుని కాళ్ళు గాల్లో ఆడిస్తున్నాడు. ఇంకొకడు వాణ్ణి ఫోటో తీస్తున్నాడు. "పరిగెత్తడానికొచ్చారా, పెళ్ళిచూపులకొచ్చారా వీళ్ళు?" అన్నాడు టీచరమ్మతో, అందరికీ వినపడేలా.

"మీరు కూడా కొత్త బూట్లు కొన్నారుగా మాస్టారూ" అంది ఆవిడ.

"అవి అవసరం" అన్నాడు.

రెండు నెలలుగా చీకటితో లేచి, ఎవరికీ తెలియకుండా పరిగెత్తిన మాట నిజమే. మొదట వీధి చివరి దాకా వెళ్ళడానికే ప్రాణం పోయింది. ఆ సంగతి చెప్పుకుంటే గౌరవం పెరిగేది. కానీ చెప్పుకోవాలంటే, అంతకు ముందు పరిగెత్తలేదని ఒప్పుకోవాలి. అందుకని నోరు మూసుకున్నాడు.

మొదటి మూడు చుట్లూ ఆయన ముప్ఫై ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చేవాళ్ళని చూస్తూ నిలబడ్డాడు. లెక్కల మాస్టారు అసలు పరిగెత్తలేదు. బజారుకి కూరగాయల కోసం బయల్దేరినవాడిలా చేతులూపుకుంటూ చకచకా నడిచాడు. ప్రతిసారీ యాభై రెండు నిమిషాలు. యాభై ఒకటి కాదు, యాభై మూడు కాదు.

"సిగ్గు లేదూ? పరుగు పందెంలో నడుస్తావా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"పరిగెత్తమని ఎక్కడా రాయలేదు. గంటలో రమ్మన్నారు, వస్తున్నాను. నువ్వు ముప్ఫై ఐదులో వచ్చి ఏం సంపాదించావు? నిలబడ్డావు."

"అది దమ్ము!"

"అది భాగహారం రాకపోవడం" అన్నాడు లెక్కల మాస్టారు, అరటిపండు ఒలుచుకుంటూ.

టీచరమ్మ ఐదో చుట్టు నుంచి కుంటుకుంటూ వచ్చి, కుర్చీలో కూలబడి, "నా వల్ల కాదు నాయనా, మీ ఇద్దరి సేవ చేసుకుంటాను" అని బూట్లు విప్పేసింది. పావుగంటలోనే ఆవిడకి మోకాళ్ళ మేజోళ్ళవాళ్ళతో చుట్టరికాలు కలిశాయి. డ్రిల్లు మాస్టారు అటు చూసి, "ఐదుకే! అదీ సైన్సు!" అని మొహం తిప్పుకున్నాడు.

మిట్ట మధ్యాహ్నం దాటేసరికి నడుముకి సీసాలు కట్టుకున్నవాడు వాంతి చేసుకుని వెళ్ళిపోయాడు. ఫోటోలవాడు ఎప్పుడు పోయాడో కూడా ఎవరికీ తెలియదు. వెళ్ళిపోయే ఒక్కొక్కరినీ చూసి డ్రిల్లు మాస్టారికి కడుపు నిండినట్టు ఉండేది. అయితే ఎనిమిదో చుట్టులో ఆయనకే తొడలు బిగుసుకున్నాయి. తొమ్మిదోది నలభై తొమ్మిది నిమిషాలు పట్టింది. పదోది యాభై ఐదు. ప్రహరీ వెనక వైపు ఎవరూ చూడని చోట గోడ పట్టుకుని నిలబడి, "అమ్మా" అని పైకే అన్నాడు. రేపటి నుంచి తాను బస్సుల దగ్గర అట్ట పట్టుకుని నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం కళ్ళకి కట్టింది. ఆటలు లేని ఆటస్థలంలో స్టాఫు మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉండటమూ కనపడింది. ఏడుపు తన్నుకొచ్చింది. దిగమింగి కదిలాడు.

పదకొండోది ఎలా పూర్తయిందో ఆయనకి తెలియదు. నాలుగూ యాభై రెండుకి గేటు ముందుకొచ్చి, ఆగకుండా తిన్నగా వెళ్ళి సున్నం గడిలోనే నిలబడ్డాడు. కూర్చుంటే లేవలేడని భయం. మిగిలింది ఒక్క చుట్టు. నడిచినా చాలు, పాకినా చాలు. ఇంకో గంటలో ఆ పీరియడ్లు ఎవడూ ముట్టుకోలేడు. గడిలో ఆయన కాక మరో పధ్నాలుగు మంది ఉన్నారు. ఒక్కడి మొహంలోనూ రక్తం చుక్క లేదు.

లెక్కల మాస్టారు కూడా అదే టైముకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ నీళ్ళూ అరటిపళ్ళే. ఆఖరి చుట్టు కదా అని టీచరమ్మ ముచ్చటపడి ఎక్కడి నుంచో ఫ్లాస్కు తెప్పించి, వేడి వేడి టీ గ్లాసులో పోసి ఆయన చేతికిచ్చింది. అక్కడే వచ్చింది తంటా. ఉపాధ్యాయుడి చేతిలో టీ గ్లాసు ఉన్నప్పుడు బెల్లు అంటే లేవమని కాదు, ఇంకో ఐదు నిమిషాల్లో లేవచ్చని. స్టాఫ్ రూములో పదకొండేళ్ళుగా జరుగుతున్నదదే.

మూడు విజిళ్ళు పడ్డాయి: బెల్లుకింక మూడు నిమిషాలు. లెక్కల మాస్టారు టీ ఊదుకున్నాడు. రెండు విజిళ్ళు పడ్డాయి. ఒక గుక్క తాగాడు. ఒక విజిలు పడింది.

"ఏమోయ్! బెల్లు కొట్టేస్తారు!" అని గడిలోంచి కేకేశాడు డ్రిల్లు మాస్టారు.

లెక్కల మాస్టారు తల తిప్పకుండానే ఎడమ చెయ్యి పైకెత్తి, 'వస్తున్నా, ఉండవోయ్' అన్నట్టు రెండు వేళ్ళు ఆడించాడు.

ఆ రెండు వేళ్ళు! ఆరో పీరియడ్ బెల్లయి పిల్లలు క్లాసులో గోల చేస్తుంటే, తాను వరండాలో నిలబడి వాళ్ళని అదిలిస్తుంటే, స్టాఫ్ రూము గుమ్మంలోంచి రోజూ కనపడే రెండు వేళ్ళు. పదకొండేళ్ళ కంపరం ఒక్కసారి నెత్తికెక్కింది. తొడల నొప్పి కూడా మర్చిపోయి రెండంగలు వేసి కుర్చీ వైపు వేలు చూపించాడు.

"చూశారా టీచరమ్మా! ఇదీ వీడి బతుకు! ఒక్కనాడు బెల్లుకి క్లాసులో ఉన్నాడా ఈ పెద్దమనిషి? వీడి క్లాసు కాపలా కాసింది ఎవడు? నేను! వీడికి పీరియడ్లు చాలటం లేదట! ఉన్నవాటిలో సగం టీలో కలిపి తాగేస్తాడు, ఇంకా నావి కావాలట! ఏరా, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి—"

బెల్లు మోగింది.

పధ్నాలుగు మంది కదిలిపోయారు. డ్రిల్లు మాస్టారు గిరుక్కున తిరిగి పరిగెత్తబోయాడు. చేతిలో అట్టతో ఒక అమ్మాయి అడ్డం వచ్చింది.

"సార్, మీరు బయట ఉన్నారు."

"బయటేమిటి? రెండడుగులు! ఇక్కడే ఉన్నాగా ఇందాకటి నుంచీ!"

"బెల్లు టైముకి బయట ఉన్నారు సార్. సారీ."

ఆయన కిందకి చూసుకున్నాడు. సున్నం గీత వెనక ఉంది. కొత్త బూట్లు ముందు ఉన్నాయి. అమ్మాయి అట్ట మీద రెండు పేర్లు కొట్టేసింది, ఒకటి ఆయనది, ఒకటి లెక్కల మాస్టారిది.

టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లెక్కల మాస్టారు గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి, "మధ్యలో ఆపేశావు. మిగతాది కూడా అనెయ్" అన్నాడు.

డ్రిల్లు మాస్టారు నోరు తెరిచాడు. తిట్లు చాలా ఉన్నాయనుకున్నాడు. తీరా చూస్తే అడుగున ఒక్కటే మిగిలింది, అది తిట్టు కాదు.

"నా పీరియడ్లు నాకు వదిలెయ్యరా" అన్నాడు.

లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"రెండు నెలల కిందట ఇలా అడిగితే వదిలేసేవాణ్ణి" అన్నాడు. ఆనక కాస్త ఆలోచించాడు. అబద్ధపు లెక్క ఆయన చేత కాదు. "లేదులే. వదిలేసేవాణ్ణి కాదు."

సోమవారం మూడో పీరియడ్‌కి ఎనిమిదో తరగతి పిల్లలు అలవాటు కొద్దీ ఆటస్థలానికి పరిగెత్తుకొచ్చారు. డ్రిల్లు మాస్టారు కర్రలా బిగుసుకున్న కాళ్ళతో వాళ్ళకి ఎదురెళ్ళి, అందరినీ వరసలో నిలబెట్టి, పైకి లెక్కల క్లాసుకి నడవమన్నాడు. ఎవరూ కదలలేదు.

"మీరు గెలుస్తానన్నారు కదా సార్! ఎందుకు ఓడిపోయారు?" అంది ముందు నిలబడ్డ రెండు జడల పిల్ల.

ఏమన్నా చెప్పవచ్చు. కాలు పట్టేసిందనవచ్చు, మోసం చేశారనవచ్చు. నలభై మొహాలు ఆయన్నే చూస్తున్నాయి.

"లైన్లోంచి బయటికొచ్చి మాట్లాడానమ్మా" అన్నాడు డ్రిల్లు మాస్టారు.