గాలివాటు కాపలా

చమురు వెతికే కంపెనీ ఒకటి ఉద్దానం సముద్రంలో తేలే రిగ్గు నిలిపింది. ఎక్కడ నిలిపిందయ్యా అంటే, సరిగ్గా రెండు ఊళ్ళ వేట హద్దు మీద! రిగ్గు మీంచి ఒడ్డుకేసి చూస్తే ఒంటి తాటిచెట్టు మహేంద్రగిరి కొమ్ముకి కుడిపక్కన కనబడితే ఆ నీళ్ళు జాలరి యువరాజు ఊరివి, ఎడమపక్కన కనబడితే రామూర్తి ఊరివి. తాతలనాటి లెక్క. ఎవరి నీళ్ళలో ఉంటే కాపలా ఉద్యోగం వాళ్ళదేనని పెద్దలు తేల్చేశారు.

రిగ్గుకేం తెలుసు పాపం? వదులు లంగరు గొలుసుల మీద ఉత్తరపు గాలికి ఇటు, దక్షిణపు గాలికి అటు జరిగేది. చెట్టు పక్క మారితే కాపలా మారేది. రామూర్తి యువరాజుకి స్వయానా బావమరిది. అయినా మొహమాటం లేదు, పడవేసుకొచ్చి కింద కాపేసేవాడు.

"సెట్టు ఎడంపక్కకొచ్చీసినాది. దిగు బావా."

"అన్నం తిననీ."

"మా నీల్లల్లో మీ అన్నమేటి?"

వేసవి దగ్గరపడింది. ఇక నెలల తరబడి దక్షిణపు గాలే. ఉద్యోగం అటు పోతే పెళ్ళాం నీలమ్మను వదిలి మళ్ళీ వేట కూలికి గుజరాత్ పడవలెక్కాలి. ఆ తలపుకే యువరాజుకి ఏడుపొచ్చింది.

"గొలుసులు బిగించెయ్యండి సార్, కదలదు," అని ఇంజనీరు ధనుంజయ్‌ని బతిమాలాడు.

"వదులుంటేనే అలతో లేచి దిగుతుందయ్యా. బిగిస్తే అల దెబ్బంతా గొలుసే తినాలి, తెగి ఊరుకుంటుంది."

ఇంజనీరు పలాస వెళ్ళిన రోజు యువరాజు గొలుసులు చుట్టే విన్చి మర తిప్పి వాటిని బిగించేశాడు. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి ముదిరింది, అలలు లేచాయి. రిగ్గు లేవబోయి లేవలేక మూలిగింది. ఒక్కో గొలుసే ఫట్టుమంది. రిగ్గు ఉత్తరానికి బయల్దేరింది.

వెనకే రామూర్తి పడవ. "సెట్టు ఎడంపక్కకెల్లిపోనాది, డ్యూటీ నాది," అంటూ పట్టుదలగా ఎక్కేశాడు కూడా.

రిగ్గు ఆ రెండు ఊళ్ళనూ లెక్కచెయ్యలేదు. ఇంకో ఊరి ఇసుకలో కూరుకుని ఆగింది. ఆ ఊరివాళ్ళు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బావాబావమరుదుల్ని కిందికి దింపి, అక్కడికక్కడే తమ కాపలాదారుణ్ణి ఎక్కించారు.

వారం తిరక్కుండానే ఇద్దరూ పలాస స్టేషన్లో గుజరాత్ ప్రయాణానికి రైలెక్కారు. నీలమ్మ కిటికీలోంచి కేరేజీ అందించింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆ గాలి ఎల్లకాలం ఉంటాదేటి మావా? ఊగనిచ్చుంటే మల్లీ మనేపుకే వచ్చును."

రైలు కదిలింది. యువరాజు పక్కన రామూర్తి అప్పుడే కేరేజీ మూత తీస్తున్నాడు.