చంక మారిన బిందె

ఆ పొద్దున ఆకాశం మూసుకునే ఉంది. కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. బస్సు కోసం ముగ్గురం నిలబడ్డాం: నేను, నా భార్య, ఆమె అక్క. క్యాన్సరనే మాట ముగ్గురిలో ఎవరూ పైకి అనలేదు.

పాతికేళ్ళుగా నా భార్య నీళ్ళబిందె ఎడమ చంకనే ఎత్తుతుంది. నెల కిందట కుడి చంకకు మార్చింది. పదిరోజులు చూసి అడిగాను.

“బిందె చంక మారిందేం?”

“చూశావా!” అంది. బిందె కిందికి దించి, “ఎడమ రొమ్ములో గడ్డ. గోళీకాయంత. బిందె అంచు ఒత్తుకుంటోంది,” అంది.

సూది తగిలితే గడ్డ ఒళ్ళంతా పాకుతుందని వదిన నమ్మకం. ఆ మాట పట్టుకుని నా భార్య ఇరవై రోజులు వాయిదాలు వేసింది. ఆ పొద్దున్నే నేను చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాను. అంతే, బయల్దేరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేత్తో తడిమి, సన్నసూది గుచ్చి లోపల ఏముందో తీసి చూస్తానంది.

“తేనెతుట్టెను కెలుకుతారా ఎవరైనా? నువ్వైనా చెప్పు మరిదీ!” అంది వదిన.

“అది తుట్టో కాదో చూడకుండా ఎలా తెలుస్తుంది వదినా?”

“ఏడాదికో మాట మాట్లాడతావు, అదీ నాకు ఎదురే!”

డాక్టరమ్మ నవ్వింది. “ఆ భయం పెట్టుకోకమ్మా. రక్తం తీసే సూదికన్నా సన్నం ఇది.”

వదిన మంచం పక్కనే ఉంది. తెర లాగారు. మంచం చివర నా భార్య పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. కాలివేళ్ళు గట్టిగా ముడుచుకున్నాయి. వాటినే చూస్తూ గోడ పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి వేళ్ళు విచ్చుకున్నాయి, ఒక్కొక్కటే.

“ఏదీ? ఇక్కడే కదా ఉండాలి!” అంది నా భార్య, పెట్టెలో తాళంచెవి వెతుక్కుంటున్నట్టు.

“నీటితిత్తి అమ్మా అది. నీళ్ళు లాగేశాను, అణిగిపోయింది. రక్తం చాయ కూడా లేదు. భయపడేది కాదు. ఆరు వారాలకు ఒకసారి వచ్చి చూపించుకో, మళ్ళీ నిండిందేమో చూద్దాం.”

వదిన తెర తోసుకుని వచ్చింది. “చెంచాడు నీళ్ళు మరిదీ! లేత పసుపు నీళ్ళు! దీనికా నేను ఇరవై రోజులు నిద్ర మానింది?” కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

“నిద్ర మానావు గానీ నోరు మానలేదు,” అంది లోపల్నించి చెల్లెలు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. నేను లేవబోతే వద్దని, తానే వెళ్ళి నీళ్ళు తెచ్చింది. బిందె ఎడమ చంకన ఉంది.

పొద్దున వండింది చల్లారిపోయింది. ముగ్గురం మళ్ళీ మళ్ళీ పెట్టుకుని తిన్నాం.