మీరాబు నీడ

బామియాన్ కొండల నడుమ ఆ పల్లెలో వేసవి ఉదయాలన్నీ ఒకే తీరున తెల్లవారేవి. తందూరులలో రొట్టెలు పొంగేవి. గొర్రెల మందలు కొండబాట పట్టేవి. ఎండ కాలువగట్టుపై వాలగానే, ఊరికి నీళ్ళు పంచే మీరాబు ఖాదిం అలీ నీడ భుజాన పారతో వచ్చి మొదటి మడికి నీరు వదిలే మదుము చెంత నిలిచేది. ఖాదిం అలీ గతించి చాలా ఏళ్ళయింది. నీడ మాత్రం కొలువు మానలేదు. అది పార విసిరిన చోట మట్టి పడి మదుము మూసుకునేది. పార ఎత్తిన చోట తెరుచుకునేది.

కాలువ కొసన పొలమున్న వారినే మీరాబుగా ఎన్నుకోవడం ఆ లోయలో తాతలనాటి కట్టడి. తన మడి తడవాలంటే నీరు అందరి మళ్ళనూ దాటి రావలసిందే కదా! వసంతంలో కొత్త ఏడు మొదలయ్యే ప్రతి నౌరోజు పండుగకూ ఆ ఎన్నిక జరిగేది. మీరాబుకు ఊరిచ్చే కూలిగోధుమలు నీడ అడగదు. అందుచేత పెద్దలు ఎన్నిక మాటే విడిచిపెట్టారు.

కొసన ఉన్న బంగాళాదుంపల మడి జేవర్‌ది. భర్త పోయినాక ఆమెకు మిగిలిన ఆధారం అదొక్కటే. పంట పోతే మడి కౌలుకిచ్చి, కాబూలులో మరిది పంచన తివాచీలు నేస్తూ కాలం గడపాలి.

ఆ ఏడు దుంపమొక్కలు పూతకొచ్చిన వేళ పడమటి గాలి దుమ్మెత్తి ఆకాశాన్ని కప్పివేసింది. సూర్యుడు లేడు, నీడా రాలేదు. మొదటి మడి ఆసామి బోస్తాన్ తన మదుము మూయలేదు.

"కాకా, నీ వంతు నిన్ననే అయిపోయింది. నా మొక్కలు తల వాల్చేస్తున్నాయి" అంది జేవర్.

"మీరాబు మూయమంటే మూస్తానమ్మా. ఏడీ, నీకేమైనా కనబడ్డాడా?"

"ఎండుంటే ఇలా నోరు లేచేదా నీకు?"

"అయితే తీసుకురా ఎండని, ఎవరొద్దన్నారు? కూచో, టీ తాగి పో."

"ఆ టీనీళ్ళు కూడా నా వంతులోవే!"

జేవర్ ఇంటికి పోయి, లాంతరు వెలిగించుకుని తిరిగి వచ్చింది. బోస్తాన్ భార్య మర్జియా ఫక్కున నవ్వింది.

"పట్టపగలు లాంతరేంటే పిల్లా?"

"కాకా ఎండ తెమ్మన్నాడు పిన్నీ. నా ఇంట్లో ఉన్నదిదే. కాస్త నా వెనకాల పట్టుకో."

మర్జియా పట్టుకుంది. జేవర్ నీడ గట్టుమీద సాగింది. ఆ నీడకు తలపాగా ఉంది. భుజాన పార ఉంది. జేవర్ వట్టిచేతులతో వంగి విసిరింది. మట్టి దభీమని మదుములో పడింది. నీరు ఒక్క క్షణం తడబడి, కొసవైపు పరుగెత్తింది.

బోస్తాన్ తటాలున లేచి గుండెపై చెయ్యి ఉంచుకున్నాడు.

"సలాం, మీరాబ్ సాహెబ్."

"వెలుగు చాలిందా, ఇంకా ఒత్తి పెంచమంటావా?" అంది మర్జియా.

దుమ్ము విడిచి ఎండ వచ్చినా నీడ మరి ఒంటరిగా రాలేదు. జేవర్ ఎటు నడిస్తే అటే నడిచింది. దుంపలు గోతాలు నింపాయి. కాబూలు ప్రయాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నౌరోజునాడు పెద్దలు కూడి, చాలా ఏళ్ళ తరువాత, "కొస పొలాలవారిలో ఈ ఏటి మీరాబు ఎవరు?" అని అడిగారు. అందరికంటే ముందు బోస్తానే ఆమె పేరు పలికాడు. పలికి, ఆగలేక అడిగాడు.

"మరి రేపు నా మదుము ఎప్పుడు తెరుస్తావు, మీరాబ్?"

"కొస తడిశాక, కాకా" అంది జేవర్.