సాక్ష్యానికి తరువాయి

కత్తిపీట మీద వేలు తెగితే నాకు తెలియలేదు. బొచ్చె చేప కడుగుతున్న గిన్నెలో నీళ్ళు ఎర్రబడితే చేప నెత్తురే అనుకున్నాను. నీళ్ళు మార్చినా ఎరుపు తగ్గకపోయేసరికి చెయ్యి చూసుకున్నాను.

"ధ్యాసెక్కడమ్మా దీవెనా నీకు? ముక్కలన్నీ పాడుచేశావు," అంది అత్తయ్య. వేలి సంగతి అడగలేదు.

నాది నరాల జబ్బు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఏలూరులో డాక్టరుగారు చెప్పి, తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకం ఇచ్చారు. నరం మీది పొర దెబ్బతింటుందట. మా చేపల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు వైరుకి తొడుగు ఊడితే మా ఆయన నెల్సన్ ఆ పూటే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాడు, చేపలు చచ్చిపోతాయని. పుస్తకం చేతికిస్తే మాత్రం "చూస్తాలే" అని ఫ్రిజ్ మీద పెట్టాడు. అక్కడే ఉంది. దాని మీద దుమ్ము నేనే తుడుస్తున్నాను.

క్రిస్మస్ ముందు నాకు నెమ్మదించింది. ఈ జబ్బు కొందరికి అలా వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుందని పుస్తకంలో ఉంది. పైగా చలికాలం. వేడి తగలకపోతే నా కాళ్ళు మాట వింటాయి. అత్తయ్య మాత్రం ఉపవాస ప్రార్థనలతో పూర్తిగా నయమైపోయిందని చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నీకెలా ఉందని నన్నెవరూ అడగలేదు. నయమైన మనిషిని కాబట్టి మర్నాడే అంట్లు తోమే ఆమెను మాన్పించారు.

ఇప్పుడు ఏప్రిల్. పొయ్యి దగ్గర కూర ఉడికేలోపే మోకాళ్ళు వదిలేస్తున్నాయి, కుడి కన్ను మసకేస్తోంది. "మేమూ ఈ ఎండల్లోనే పిల్లల్ని కన్నామమ్మా," అంటుంది అత్తయ్య. నెల్సన్ బాధ వేరు. "అమ్మ అందరి ముందూ చెప్పేసింది కదా. ఇప్పుడు నువ్వు కర్ర పట్టుకుని తిరిగితే నవ్వరా? కాస్త విశ్వాసం ఉంచుకోవచ్చుగా!" అంటాడు. జబ్బు తిరగబెట్టడం కూడా నా తప్పే. అత్తయ్య మాట నా కాళ్ళే నిలబెట్టాలి. ఆ కాళ్ళతోనే చేప కడగాలి, అన్నం వార్చాలి, గిన్నెలు తోమాలి. ఈ జబ్బు చెరువులో చేపకి వచ్చుంటే ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఆ పుస్తకం చదివేవారు.

వేలు తెగిన మర్నాడు స్త్రీల ఆదివారం. ఆ రోజు ఆరాధనంతా ఆడవాళ్ళే నడిపిస్తారు. వాక్యం చదవడం నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా వంతు. చదివేవాళ్ళు నిలబడే చదవాలి.

"ఓపిక లేకపోతే చెప్పు, నీ తోడికోడలు చదువుతుంది," అంది అత్తయ్య, నా వేలికి గుడ్డ నేనే చుట్టుకుంటుంటే. "చదివేటట్టయితే కర్ర గుమ్మం బయటే పెట్టెయ్."

"నేనే చదువుతానండీ," అన్నాను.

పొద్దున్నే ఫ్రిజ్ మీది పుస్తకం తీసి బైబిల్లో పెట్టుకున్నాను.

రేకుల కప్పు కింద చర్చి అప్పటికే కాగుతోంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ మధ్య నుంచి కర్ర పొడుచుకుంటూ ముందుకి వెళ్ళాను. టకటకమన్న చప్పుడుకి అందరూ తిరిగి చూశారు. గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కీర్తన చదివాను. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం తెరిచి ఎడమ కంటికి దగ్గరగా పట్టుకున్నాను.

"మా అత్తయ్యగారు డిసెంబరులో చెప్పిన సాక్ష్యానికి తరువాయి ఇది," అని మొదటి పేజీ మొదలుపెట్టాను.

మగవాళ్ళ వైపు నెల్సన్ తల దించేసుకున్నాడు. అత్తయ్య ముందు వరసలోంచే గొంతు తగ్గించి కసిరింది. "పరువు తీస్తున్నావు. చదివితే లేచి నిలబడి చదువు!"

"నిలబడలేనండీ అత్తయ్యా. ఎందుకు నిలబడలేనో, అదే చదువుతున్నాను."