నున్నటి గోతులు

ఈశ్వరి చేత్తో పెట్టిన మొక్క చావదని బొబ్బిలి పక్కనున్న ఆ ఊళ్లో అందరికీ నమ్మకం. పెరట్లో ఆనప గింజ పాతాలన్నా, వంగనారు నాటాలన్నా మొదటిది ఆమె చేత పెట్టించుకునేవారు. కొత్త ఆవకాయ కూడా ఆమే కలపాలి, అప్పుడే బూజు పట్టదని అత్తగారు జగ్గమ్మ పట్టు. జగ్గమ్మ ఉత్త అత్తగారు కూడా కాదు, సొంత మేనత్త. ఆ చేతి చలవ చూసే మేనకోడల్ని కోడలిగా తెచ్చుకున్నానని పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ మురిపెమంతా నిరుటిదాకానే. నిరుడు పాత జీడితోట తీసేసి సువర్ణరేఖ మామిడి అంట్లు వేశారు. ఈశ్వరి మొగుడు ధర్మేంద్ర అప్పటికే స్కిడ్ లోడర్ కొన్నాడు. ముందున్న బకెట్ ఊడదీసి ఏ పనిముట్టు కావాలంటే అది తగిలించుకునే పొట్టి యంత్రం అది. దానికి ఆగర్ తగిలించాడు. అది పెద్ద మరమేకులా గిర్రున తిరుగుతూ భూమిలోకి దిగి మట్టిని పైకి తోసేస్తుంది. మంచి వాన పడిన మర్నాడు ఒక్క పూటలో తోటంతా గోతులు తీసేశాడు. ఊరు ఊరంతా వచ్చి గట్టు మీద నిలబడి చూసింది. ఈశ్వరి పసుపునీళ్లతో చేతులు కడుక్కుని ప్రతి అంటూ తనే పెట్టింది. దసరాకి ఆకులు వేలాడిపోయాయి. దీపావళికి తోటలో ఒక్క పచ్చటి రెమ్మ లేదు.

మరి తప్పు ఎవరిది? వానది కాదట. అంట్లు అమ్మినవాడిది కాదట. అంత డబ్బు పోసి తెచ్చిన యంత్రానిది అసలే కాదట. "దీని సేతి సలవ పోనాది" అని జగ్గమ్మ అరుగు మీద కూర్చుని తేల్చేసింది. అంతే, ఊరికి అదే వేదమైపోయింది. తర్వాత వచ్చిన వేసవిలో ఆవకాయ చిన్నకోడలు సింధూరి కలిపింది. పక్కింటి తులసి ఆనప గింజలు కొంగులో ముడేసుకుని, ఈశ్వరి గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని పోయింది. మొక్క చస్తే మొక్కని తవ్వి చూడాలి గాని, మనిషి చెయ్యి చూస్తారా? ఆ పాటి ఇంగితం ఒక్కరికీ లేకపోయింది.

తవ్వి చూసింది ఈశ్వరి ఒక్కతే. వేళ్లన్నీ కుళ్లి, గోతిలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. బయట మట్టిలోకి ఒక్క వేరూ పోలేదు. మొగుణ్ణి పిలిచి చూపిస్తే, "పోనాయి కదా, ఇంక ఒగ్గీ" అని వెళ్లిపోయాడు.

ఈ ఏడు మళ్లీ అంట్లు తెచ్చారు. సింధూరి చేత పెట్టిస్తానని జగ్గమ్మ ముందే చాటింది. ధర్మేంద్ర గోతుల కోసం ఇంకా లావుపాటి ఆగర్ చూడ్డానికి విజయనగరం బయల్దేరుతుంటే, ఈశ్వరి చెప్పులేసుకుని బండెక్కి కూర్చుంది.

"నువ్వక్కడేటి సేస్తావు?"

"మాట పడినదాన్ని నాను. ఏది కొంటన్నావో సూడాలి కదా."

కొట్టు యజమాని బంగారురాజు మాటకారి. ఆ మాటలన్నీ ధర్మేంద్రతోనే. పక్కన ఆడమనిషి ఉన్నట్టే ఆయన కంటికి ఆనలేదు. ముందు నాలుగు పారరేకులు కలిసి ముడుచుకునే సరంజామా ఒకటి చూపించాడు. ఎదిగిన చెట్టునైనా మట్టిముద్దతో సహా పెకలించి వేరేచోట పాతుతుందట.

"మాకు పీకడం కాదు, నాటడం కావాలి" అంది ఈశ్వరి.

ఆయన నవ్వి లావు ఆగర్ దగ్గరికి నడిచాడు. వెనకే వెళ్లి అడిగింది. "మాది ఎర్రబంక. తడి మీద ఇది తిరిగితే గొయ్యి గోడలేటవుతాయి?"

"అమ్మా, మీరలా కుర్చీలో కూకోండి. మజ్జిగ తెప్పిస్తాను" అన్నాడాయన. ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. అడిగిన దానికి జవాబు ఇయ్యలేనివాడికి మజ్జిగ ఒకటి. కూర్చోలేదు, అక్కడే నిలబడింది.

బేరం కుదిరేలా కనిపించేసరికి బంగారురాజు బల్ల కింద నుంచి ఇనుప పళ్లు రెండు తీశాడు. "ఇవి కూడా తీసుకోండి సార్. ఆగర్ పక్కన బిగిస్తే గోడని గీరుకుంటూ దిగుతాయి. లేకపోతే తడి బంకలో గొయ్యి కాల్చిన కుండ లోపల్లాగ నున్నగా అయిపోద్ది. నీళ్లు ఇంకవు, వేళ్లు గోడ దాటవు. మొక్క కుళ్లి సచ్చిపోద్ది." ఆగి, ధర్మేంద్ర మొహం చూశాడు. "నిరుడు ఆగర్ కొన్నప్పుడే సెప్పేను కదా సార్. ఇవి బిగించండి, లేదంటే నేల ఆరేదాకా ఆగండి అన్నాను. పని సాగదని మీరే ఒద్దన్నారు."

ధర్మేంద్ర జేబులో ఏదో వెతుక్కోవడం మొదలెట్టాడు.

ఈశ్వరి మొగుడి వంక తిరిగింది. కొట్టువాడు చులకన చేశాడు, సరే, వాడు పరాయివాడు. మరి వీడు? పక్కలో పడుకునేవాడు. ఊరంతా తన చేతిని చీదరించుకుంటుంటే అన్నం కలుపుకుంటూ విన్నాడు. కారణం తన తొందరేనని తెలిసి విన్నాడు.

ఈశ్వరి ఆగర్ వదిలేసి ముందుకి నడిచింది. మూలనున్న బ్యాక్‌హో చూపించింది. సన్నటి పళ్ల బకెట్‌తో మట్టిని పెళ్లలు పెళ్లలుగా తవ్వి లాగే పనిముట్టు. "అదే ఇయ్యండి. నిదానమైనా గోడ గరుగ్గా ఉంటాది."

ధర్మేంద్ర డబ్బు తీసి కట్టాడు. కాదనడానికి మొహం ఏదీ?

గజపతినగరం దాటాక బండి నడుపుతూనే గొణిగాడు. "అలాగైపోద్దని నాను అనుకోనేదే."

"ముందు అనుకోనేదు, ఒప్పుకున్నాను. సచ్చిపోనాక తెలిసింది కదా?"

"నీ సెయ్యి మంచిది కాదని నాను ఎప్పుడైనా అన్నానేటి?"

"అననేదు బావ. ఒక్కరోజు దాని తప్పు కాదని కూడా అననేదు."



నేల ఆరిన రోజు చూసి గోతులు తీశారు. అంచులు రేగి, గోడలు గరుకుగా ఉన్నాయి. సింధూరి పసుపు రాసుకుని సిద్ధంగా ఉంది. తులసి, ఇంకో నలుగురు ఆడవాళ్లు గట్టు మీద చేరారు. ఈశ్వరి మొదటి గొయ్యికి అడ్డంగా నిలబడింది.

"ముందు మీయమ్మకి సెప్పు బావ. అందరూ ఇనీలాగ సెప్పు."

ధర్మేంద్ర నేల చూశాడు, యంత్రం చూశాడు. తప్పించుకునే దారి కనబడక చెప్పాడు. కొట్టువాడు పళ్లు బిగించమన్నాడని, తొందరలో తను వద్దన్నాడని, అంట్లు అందుకే చచ్చాయని. ఒక్కొక్క మాటా పన్ను పీకించుకున్నట్టు బయటికి వచ్చింది. తులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈశ్వరి అత్త మొహంలోకే చూసింది. ఒక్క మాట కోసం చూసింది. ఏడాది అరుగు మీద తనని తిట్టిన ఆ నోటితోనే కొడుకునీ ఒక్క మాట అంటుందని ఆశపడింది.

"మగోడు. పని తొందరలో నూరుంటాయి" అంది జగ్గమ్మ. "దానికి నలుగురిలో ఇంత రబస ఏటే? సరేలే, నీ సెయ్యి మంచిదే. రా, నువ్వే ఎట్టు." సింధూరి చేతిలోంచి అంటు తీసి ఈశ్వరికి అందించింది. ఏడాది పడిన మాటకి అదే పరిహారం. మొగవాడి తప్పు అలా పుట్టి ఇలా పోయింది, ఈశ్వరి చేతి మీద వేసిన ముద్ర మాత్రం ఏడాది పొడుగునా నడిచింది.

ఈశ్వరి అంటు అందుకుంది. తిన్నగా మొగుడి దగ్గరికి నడిచి వాడి చేతుల్లో పెట్టింది.

"ఈ ఏడు నువ్వే ఎట్టు బావ. అన్నీ నీ సేత్తోనే ఎట్టు. బతకకపోనా భయపడకు, తప్పు వానదనీ, మట్టిదనీ అంటారు. నీ సెయ్యిని ఎవులూ ఏటీ అనరు."