బెక్‌విత్ కార్లకు తూర్పు ఎటు

"ఈ ఊళ్ళో కారు చెయ్యగల చేతులు మిగిలి ఉన్నంతకాలం బెక్‌విత్ కారు ఈ గేటు లోపలే పుడుతుంది."

ఇత్తడి రేకు మీద చెక్కిన ఈ మాటని ఇంద్రజ ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఐదూ నలభైకి చదువుతోంది. చదవాలని కాదు. బ్యాడ్జి చూపించే చోట సరిగ్గా కళ్ళెత్తున ఉంటుంది, చదవకుండా లోపలికి పోవడం కుదరదు. 1981లో కంపెనీ మునిగిపోతుంటే పనివాళ్ళు మూడేళ్ళపాటు సగం జీతానికి పనిచేసి దాన్ని ఒడ్డుకి లాగారు. వాళ్ళు అందుకు ఒప్పుకున్న రోజునే, బదులుగా, అప్పటి ఛైర్మన్ అందరి ముందూ నిలబడి ఇచ్చిన మాట అది. మాట ఇస్తూ ఆయన ఏడ్చాడని రూత్ చెబుతుంది. అప్పుడు రూత్‌కి పద్దెనిమిదేళ్ళు, కార్లకి డోర్లు బిగించేది. ఇప్పుడు అరవై రెండు. యూనియన్ ఆమె మాట వింటుంది, కొన్నిసార్లు యంత్రాలు కూడా వింటాయి.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని షామ్‌బర్గ్‌లో ఇంద్రజ ఉండే అపార్ట్‌మెంట్ నుంచి ఫ్యాక్టరీకి గంట డ్రైవ్. పడమరగా, మొక్కజొన్న చేల మధ్య నుంచి. దారి పొడవునా ఇళ్ళ ముందు నిలిపిన బెక్‌విత్ కార్లన్నీ ఒకే దిక్కుకి మూతి పెట్టి కనిపిస్తాయి. బెక్‌విత్ కారుని ఎక్కడ ఆపినా, ఎటు తిప్పి ఆపినా, తెల్లారేసరికి అది ఫ్యాక్టరీ వైపు తిరిగి ఉంటుంది. కాలిఫోర్నియాలోవి తూర్పుకి, టెక్సస్‌లోవి ఉత్తరానికి, న్యూజెర్సీలోవి పడమరకి. 1911లో ఇద్దరు అన్నదమ్ములు గుర్రబ్బండ్ల షెడ్డులో చేసిన మొదటి కారు నుంచీ అంతే. అమ్మేవాళ్ళు తాళాలు ఇస్తూనే చెబుతారు, చుట్టూ నాలుగడుగులు వదిలి పార్క్ చేసుకోండి అని. అపార్ట్‌మెంట్లలో మిగతా కార్లకి చదరపు గళ్ళు గీస్తే వీటికి గుండ్రటివి గీస్తారు.

ఇంద్రజ తండ్రి భీమశంకరానికి మాత్రం అది ఏప్రిల్‌లో తెలిసింది. ఒంగోలు ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చాడు. ఆమె కొత్తగా కొన్న కారుకి తనే పూజ చేస్తానని పట్టుబట్టి, ముందురోజు సాయంత్రమే తూర్పు ముఖంగా నిలిపి, నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు సర్దేసి పడుకున్నాడు. పొద్దున చూస్తే కారు పడమరకి తిరిగి ఉంది. నిమ్మకాయలు నాలుగూ నలిగి ఉన్నాయి.

"అమ్మాయ్, ఇదేంటే? ముహూర్తం అదే పెట్టేసుకుంది?"

"దాని పద్ధతి అంతే నాన్నా. ఫ్యాక్టరీ అటుంది."

భీమశంకరం కారు చుట్టూ ఒకసారి తిరిగి, కొబ్బరికాయ తీసుకుని పడమటి వైపు వెళ్ళి కొట్టాడు. "ఎవరి తూర్పు వాళ్ళకుంటుంది. దీని తూర్పు అదే," అన్నాడు.

మే నెలలో ఫ్యామిలీ డే నాడు అతన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. హాల్లో ఛైర్మన్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. చరిత్ర అంటే వాళ్ళదేనన్నట్టు! వాటిని దాటించేసి రూత్ అతన్ని లైన్ దగ్గరికి నడిపించింది. కరువు కాలంలో కారు కొనేవాడు లేకపోతే అదే అచ్చుల్లో ఇనప పొయ్యిలు పోసి ఊరిని బతికించింది ఇక్కడే. 1937లో నలభై ఒక్క రోజులు సమ్మె చేసినప్పుడు పనివాళ్ళు గేట్లు మూసుకుని లోపలే కూర్చున్నారు, కానీ రోజూ పొద్దున లేచి యంత్రాలకి నూనె పెట్టారు. గొడవ యజమానితో గానీ లేత్ మిషన్‌తో కాదు కదా. యుద్ధంలో అంబులెన్సులు చేశారు. 1958లో గాజు కప్పు కారు చేస్తే సినిమా తారలు క్యూ కట్టారు. పెట్రోలు మండిపోయిన రోజుల్లో కుప్పకూలారు, లేచారు. 2009లో కోర్టు మెట్ల మీద దివాలా తీశారు, ఐదేళ్ళకి ఎలక్ట్రిక్ కారు చేసి మళ్ళీ లేచారు. పడ్డ ప్రతిసారీ కంపెనీని లేపింది ఫొటోల్లో ఉన్నవాళ్ళు కాదు.

చివరి స్టేషన్ దగ్గర రూత్ ఒక కారు డోరు తెరిచి చూపించింది. లోపలి పట్టీ మీద పెన్సిల్‌తో రెండు పొడి అక్షరాలు. తయారైన కారుని ఆఖరుసారి చూసి బయటికి వదిలినవాళ్ళ గుర్తు. ఇంజనీర్లు కూడా నెలకో వారం అక్కడ నిలబడి తీరాలన్నది బెక్‌విత్ ఆచారం. ఇంద్రజ బత్తుల అంటే ఐ.బి. ఆమె తన గుర్తు ఉన్న కారునే కొనుక్కుంది.

"పెన్సిలైతే చెరిగిపోదా?" అని అడిగాడు భీమశంకరం, కూతురితో అనువాదం చేయించుకుని.

"చెరిపితే చెరుగుతుంది. నూట పద్నాలుగేళ్ళలో ఎవరూ చెరపలేదు," అంది రూత్.

అతను తలూపాడు. "మా డిపోలోనూ అంతేనమ్మా. లాగ్‌షీట్ మీద సంతకం ఎవడిదో బండి వాడిది. అది తిరిగొచ్చిందాకా అన్నం సయించేది కాదు."

జూన్‌లో ఒక గురువారం, భోజనాల వేళ, అందరి ఫోన్లకీ ఒకే ఈమెయిల్ వచ్చింది. ప్లాంటు ఆగస్ట్ ఒకటిన మూసేస్తున్నారు. అమెరికా దక్షిణాన ఒక రాష్ట్రం ముప్పై ఏళ్ళు పన్ను వద్దంది, అక్కడ కొత్తది కడుతున్నారు.

"కుటుంబం అన్న మాట మూడుసార్లు వాడారు," అంది రూత్ ఫోన్ బోర్లించి. "ఇల్లు అమ్మేసేటప్పుడే ఆ మాట అంతగా గుర్తొస్తుంది."

ఇంద్రజకి ఒళ్ళు మండిపోయింది. దున్నేవాడిదే భూమి అని చిన్నప్పుడు ఒంగోలు గోడల మీద చదివింది. మరి చేసేవాడిది కారు ఎందుకు కాదు? క్యాంటీన్‌లో అదే గట్టిగా అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు మోహన్ తన గదికి పిలిచాడు. సాఫ్ట్‌వేర్ డైరెక్టర్, వరంగల్ మనిషి, మంచివాడే.

"స్పీచ్ బాగుందట. ఇప్పుడు ప్రాక్టికల్‌గ మాట్లాడుకుందాం. రోడ్డు మీద మన ఎలక్ట్రిక్ కార్లు నాలుగు లక్షలు. రోజూ పొద్దున లేచి అన్నీ మూసేసిన ప్లాంట్ దిక్కు చూస్తుంటే ఎట్లుంటది చెప్పు? నాలుగు లక్షల వేళ్ళు చూపించినట్టు ఉంటది. స్టీరింగ్ లాక్ అప్‌డేట్ ఒకటి కావాలె. ఆ కోడ్ నీదే కదా."

"చెయ్యకపోతే సార్?"

"చేస్తే కొత్త ప్లాంట్‌ల సీనియర్ పోస్ట్, గ్రీన్ కార్డ్ ఫైలింగ్ నేనే చూస్త. చెయ్యకపోతే ఆగస్ట్ ఫస్ట్ నుంచి సిక్స్‌టీ డేస్. నీ హెచ్‌వన్ వీసా సంగతి నీకు తెల్వదా?"

తెలుసు. ఉద్యోగం పోయిన అరవై రోజుల్లో ఇంకో కంపెనీ తన పేరున పిటిషన్ వెయ్యకపోతే దేశం వదలాలి. సెప్టెంబర్ ముప్పై. వేళ్ళ మీద లెక్కపెట్టుకోనక్కర్లేని తేదీ.

కోపం కడుపు నింపదు. ఇంద్రజ ఆ అప్‌డేట్ రాసింది. రాస్తున్నన్ని రోజులూ తండ్రి వైపు చూడలేదు. ఒక ఆదివారం అతనే టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

"ఏంటది?"

"కారు తిరక్కుండా ఆపేది."

"బ్రేకా?"

"బ్రేక్ లాంటిదే."

"బండి ఆగాలంటే బ్రేకు వేస్తాం. బండి చూడకూడదంటే కళ్ళకి గంతలు కడతాం. ఇది ఏదమ్మాయ్?"

"నీకేం నాన్నా, నీ చేతిలో రిటర్న్ టికెట్ ఉంది!"

"నీకూ అదే ఇస్తారనేగా ఈ భయం," అన్నాడు భీమశంకరం, మెల్లగా. టీ చల్లారిపోయింది.

ఆగస్ట్ ఒకటి, శుక్రవారం. ఆఖరి కారు లైన్ దిగింది. మూడొందల ఎనభై మంది చుట్టూ నిలబడ్డారు. రూత్ పెన్సిల్ పట్టుకుని వంగి, తన రెండక్షరాలూ రాసింది. బయటికి వస్తుంటే మోహన్ ఇంద్రజ పక్కన నడుస్తూ, "సోమవారం సాయంత్రానికి అప్రూవ్ నొక్కు, అప్‌డేట్ అన్ని కార్లకు పోతది, చాలు. అప్పటిదాంక నీ లాగిన్ ఓపెన్ ఉంచుతున్న," అన్నాడు.

శనివారం పొద్దున భీమశంకరం వాకింగ్‌కి వెళ్ళి సగంలోనే తిరిగొచ్చాడు.

"అమ్మాయ్, కిందికి రా. చెప్పులేసుకో చాలు, రా."

పార్కింగ్‌లో పదకొండు బెక్‌విత్ కార్లున్నాయి. ఒక్కటీ సరిగ్గా ఫ్యాక్టరీ కేసి లేదు. పదకొండూ పదకొండు వైపులకి మూతులు పెట్టాయి. ఇంద్రజది మాత్రం రెండో అంతస్తులో ఆమె బాల్కనీ కేసి చూస్తోంది. అంతలో రూత్ ఫోన్ చేసింది. "ఇంద్రా, ఆరింటి నుంచీ నా ఇంటి ముందు నలుగురున్నారు. డోర్లు తెరిచి చూశా, నలుగురి కార్లలోనూ నా అక్షరాలే. కాఫీ పెట్టాను." బడి మూతపడితే పిల్లలు మాస్టారింటికి పోరూ? కార్లూ అంతే, తమని వదిలినవాళ్ళని వెతుక్కున్నాయి.

సోమవారం మధ్యాహ్నం పక్క రాష్ట్రం అయోవా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు కేరల్. కారు చూసిన వైపే రోడ్డు పట్టుకుని, ఆగిన చోటల్లా అది తిరిగి చూపించిన వైపు మళ్ళుతూ, నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చిందట. చేతిలో మొక్కజొన్న కంకుల సంచి.

"ఐ.బి. నువ్వేనా తల్లీ? రెండు రోజులుగా ఇది నీవైపే చూస్తోంది. ఏమైనా చెప్పుకోవాలేమో అని తీసుకొచ్చా."

ఇంద్రజ బానెట్ ఎత్తింది. కేరల్ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే ముందు చక్రం దగ్గర చిన్న శబ్దం. భీమశంకరం మోకాళ్ళ మీద వంగాడు.

"స్పానర్ ముట్టుకోకు నాన్నా! విజిటర్ వీసా మీద పని చెయ్యకూడదు!"

"ముట్టుకోవట్లేదే. చూస్తున్నా. చూపుకి కూడా వీసా కావాలా మీ దేశంలో?" చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డంతో చూపించాడు. "ఎడమ పక్క బోల్టు. బిగించు. ఇంకా. ఊఁ, చాలు."

శబ్దం పోయింది. కేరల్ కారు బానెట్ మీద చెయ్యి వేసి, "మరి ఇకముందు దీన్ని ఎవరు చూస్తారు?" అని అడిగింది. అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగింది. మామూలుగా అమెరికాలో ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు ఆగరు. ఇంద్రజ స్పానర్‌ని తుడిచిందే తుడిచింది.

ఆవిడ వెళ్ళాక మోహన్ ఫోన్.

"కార్లు ప్లాంట్ దిక్కు చూస్తలేవు, పీడ పోయిందనుకుంటే ఇప్పుడు జనాలు మన వర్కర్ల ఇండ్లకే పోతున్నరు! సర్వీస్ సెంటర్లు ఖాళీ. పైవాళ్ళు నన్ను తింటున్నరు. ఐదు అయితుంది, అప్రూవ్ నొక్కు ఇంద్రజా."

"నొక్కను సార్."

"ఎందుకు?"

"కింద ఒక కారు నా బాల్కనీ కేసి చూస్తోంది సార్. ఇందాకే ఇంకోటి అయోవా నుంచి వచ్చి వెళ్ళింది. నేను వదిలిన బళ్ళు. నా కళ్ళ ముందే వాటి మెడలు విరవమంటారా?"

"అరవై రోజులు," అన్నాడు మోహన్.

"యాభై ఏడు."

"సరే. నేను నీకు ఫోన్ చెయ్యలేదు, నువ్వు ఎత్తలేదు. ఆ ఫైల్ గురించి నేనేం అడగ. మంచిగుండు."

ఇంద్రజ అప్‌డేట్ ఫైల్ చెరిపేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కేరల్ ఇచ్చిన కంకులు కాల్చింది. తండ్రీకూతుళ్ళు బాల్కనీలో నిలబడి తిన్నారు.

ఆ నెలంతా ఇల్లినాయ్ రోడ్ల మీద బెక్‌విత్ కార్లు మనుషుల్ని వెతుక్కుంటూ తిరిగాయి. వచ్చిన కార్లకి రూత్ పెరడు చాలక పక్కింటివాళ్ళ పెరడు తీసుకుంది. వచ్చిన ప్రతివాళ్ళూ కేరల్ అడిగిందే అడిగారు. సెప్టెంబర్ మొదటి శనివారం ఊళ్ళో హైస్కూల్ మైదానంలో పనివాళ్ళు మూడొందల ఎనభై మంది, కార్లవాళ్ళు పదకొండు వందల మంది కూర్చున్నారు. పనివాళ్ళే సొంతంగా కంపెనీ పెట్టాలనీ, మూసేసిన షెడ్డు, కార్ల డ్రాయింగులు లీజుకి అడగాలనీ తేల్చారు. ఇంద్రజ సంగతి రూత్ ముందే ఒక లాయరమ్మకి చెప్పి ఉంచింది. "మిగతావన్నీ ముందే సిద్ధం చేసి ఉంచుతా. కంపెనీకి ఒక అడ్రస్, ఒక లీజు కాగితం ఉంటే ఒక్క రోజులో పిటిషన్ వేస్తా. అవి లేకుండా వెయ్యలేను," అందామె.

పాత యాజమాన్యానికి గడువు ఎప్పటిదాకా ఇద్దామన్న దగ్గర గోల మొదలైంది. మంచు పడేలోపు అన్నారు కొందరు. క్రిస్మస్ అన్నారు ఇంకొందరు. తొందరపడితే అసలుకే మోసం అన్నాడు పెయింట్ షాప్ పెద్దాయన. ఇంద్రజ వెనక వరసలో తండ్రి పక్కన తల దించుకుని కూర్చుంది. తన కోసం ఇంతమందిని తొందరపెట్టడం న్యాయమా?

రూత్ లేచి మైక్ లాక్కుంది.

"నాలుగు లక్షల కార్ల కళ్ళు కట్టెయ్యమంటే కుదరదన్న పిల్ల ఈ దేశంలో ఉండటానికి గడువు సెప్టెంబర్ ముప్పై. లాయర్‌కి ఒక రోజు కావాలి. కాబట్టి మన గడువు ఇరవై తొమ్మిది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ వెనక వరసలోకి వెళ్ళి ఆ పిల్లకే చెప్పండి."

మైదానంలో ఒక్కరూ లేవలేదు. పెయింట్ షాప్ పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఏమంటోందమ్మాయ్?" అని అడిగాడు భీమశంకరం. "ఇరవై తొమ్మిది అంటోంది నాన్నా," అంది ఇంద్రజ.

యాజమాన్యానికి ఉత్తరం ఆమే రాసింది, రూత్ చెబుతుంటే, మైదానంలోనే, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని. మర్యాదలూ, పూర్వకథా రెండు పేరాల్లో ముగించి, చివరి పేరా ఇలా ముగించింది:

"మాకు సానుభూతి వద్దు, కమిటీలు వద్దు. షెడ్డు తాళాలు ఇస్తారా, ఇవ్వరా? 2025 సెప్టెంబర్ 29, సోమవారం, పొద్దున ఆరు గంటల షిఫ్టు వేళకి మాకు జవాబు కావాలి."