ఫైటర్‌కు పిల్లను చూసిన సారక్క

పెళ్లయిన రెండో నెలకే, కోరుట్లలోని అత్తవారింట్లో మానసకు అన్నిటికన్నా ముద్దొచ్చే చోటు టీవీ పక్కనున్న అద్దాల తొట్టి అయిపోయింది. భర్త శేఖర్ తెచ్చిపెట్టాడు. అందులో ఒకే ఒక నీలం ఫైటర్ చేప. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగిన పిల్లే అయినా, అంత నీలాన్ని ఏ చీర మీదా చూడలేదు తను. వాడికి తోడుగా ఎవరిని తేవచ్చో వారం నుంచి ఫోన్లో చదువుతూనే ఉంది. ఆదివారం జగిత్యాల పోవాలి, కొనాలి. ఆ సంబరంలో కూరలో రెండుసార్లు ఉప్పేసింది కూడా.

శనివారం సాయంత్రం అత్త సారక్క జగిత్యాల బస్సు దిగి వస్తూనే నీళ్ల కవరొకటి పైకెత్తింది. లోపల ఎర్రటి ఫైటర్.

"ఇగో బిడ్డ, నీ చేపకు పెండ్లాం! కొత్త జంట ఉన్న ఇంట్ల ఒంటిగ ఏదీ ఉండొద్దు. దుకాణమంతా ఎతికి పొడుగు తోకది ఏరి తెచ్చిన. చూడు, చీర కొంగు తీరుగ ఎట్లున్నదో!"

మానస దగ్గరికొచ్చి ఆ తోకను చూసింది. ఫైటర్లలో అంత పొడుగు తోక మగవాటికే ఉంటుంది. రెండు మగవి ఒకే తొట్టిలో పడితే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. వద్దందామంటే, అత్త తనకోసం మనసుపడి తెచ్చిన మొదటి కానుక. సారక్క అప్పటికే కవరు ముడి విప్పుతోంది.

"ఆగుండ్రి అత్తమ్మా! పిల్లను చూపియ్యకుండనే పెండ్లి చేస్తరా?"

"అవ్ గదా!" అని సారక్క నవ్వింది.

శేఖర్ గాజు సీసా తెచ్చాడు. ఎర్రదాన్ని అందులో పోసి తొట్టి పక్కన పెట్టారు. నీలంవాడు ఒక్క చూపు చూశాడు. మెడ చుట్టూ గొడుగు విచ్చుకున్నట్టు చెంపలు విప్పి అద్దం మీదికి దూకాడు. సీసాలోది కూడా అంతే కోపంగా విప్పింది.

"ఓర్నీ! పిల్లను చూసుట్లనే కొట్లాటనా?"

"ఇద్దరూ మొగోళ్లే అత్తమ్మా. గీళ్లల్ల కొంగు మొగోళ్లకే పొడుగుంటది. ఆడదాన్ని తెచ్చినా కలిపి ఉంచొద్దట, ఎంటవడి కొరుకుతడట."

శేఖర్ పగలబడి నవ్వాడు. సారక్క నవ్వలేదు. "అయితే నేను తెచ్చింది దేనికీ పనికిరాదు," అంటూ మెల్లగా కుర్చీలో కూలబడింది.

మానస ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. "రేపు మీరే వచ్చి చూడుండ్రి. మనిషిని చూసి గుణం చెప్తరు మీరు. నాకు చదివిందే తెలుసు."

మర్నాడు జగిత్యాలలో చేపల దుకాణదారు ప్రభుదాస్ ఎర్రదాన్ని వాపసు తీసుకుని, రంగురంగుల తోకల గప్పీ చేపలు చూపించాడు. శేఖర్ మొహం వెలిగిపోయింది.

"వద్దు," అంది సారక్క. "గంత మెరిసే తోక చూస్తే మా వానికి మండుతది. గా చారలోళ్లు?"

"టైగర్ బార్బులక్కా. జర తోకలు పీకుతయి."

"మా ఇంటికొద్దు. ఎవ్వరి జోలికి పోనోళ్లు లేరా?"

మానస ఆగలేక కింది వరసలోని తొట్టి వైపు వేలు చూపించింది. బుల్లి మీసాలతో ఇసుక తవ్వుకుంటూ, పైన లోకమే లేనట్టున్న కోరీ చేపలు.

"ఒక్కటిస్తే బెదురుతదక్కా, ఆరు తీస్కపోండ్రి," అన్నాడు ప్రభుదాస్.

"ఆరుగురా!" సారక్క చాలాసేపు వాటినే చూసింది. "తలవంచుకొని పని చేసుకునేటోళ్లు. ఇయ్యి."

ఇంట్లో కవరును తొట్టి నీళ్లలో తేలేసి, రెండు నీళ్ల వేడీ ఒకటయ్యేదాకా ఆగారు. మానస కవరు వంచి ఒక్కొక్కదాన్నే వలతో వదిలింది. ఆరూ జారి ఇసుక చేరాయి. నీలంవాడు బాణంలా కిందికి దిగాడు. ఒకదాని ముక్కు ముందు ఆగి, చెంపలు సగం విప్పాడు. మానస శేఖర్ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. కోరీ వాణ్ని లెక్కచేయలేదు, ఇసుక తవ్వుతూ వాడి పొట్ట కిందినుంచే వెళ్లిపోయింది. వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. చెంపలు ముడిచి, తోక ఊపుకుంటూ పైకెళ్లి బుడగ వదిలాడు.

"ఒప్పుకున్నడు!" మానస గంతేసింది. సారక్క కుర్చీ తొట్టికి ఆనించుకుని కూర్చుంది.

"అమ్మా, ఆకలైతుంది," అన్నాడు శేఖర్.

"జర ఆగురా, ముందు వాళ్లు తిననీ."